అన్నం పెట్టిన ఆమెను ఏమని పిలుస్తారు?

పరాయి దేశం పోయి, ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇంట్లో దిగి, నెలో రెణ్ణెల్లో వాళ్లు పెట్టింది తిని, వాళ్ల నోటెమ్మట భాష పట్టుకొచ్చే చదువు ఒకటుంది. స్పానిష్ నేర్చుకోడానికి ఇట్లా పోయేవాళ్లు ఎక్కువ. అమెరికా నుంచీ యూరప్ నుంచీ ఏటేటా బోలెడంతమంది గ్వాటెమాలా అనే చిన్న దేశానికి ఈ పని మీదే పోతారు. మెక్సికోకి దక్షిణాన, కొండలూ కాఫీ తోటలూ ఉన్న దేశం అది. అక్కడ ఆంటిగ్వా, కెట్సాల్తెనాంగో అనే రెండు ఊళ్లు స్పానిష్ బళ్లకు పేరుపడ్డాయి.

"దీనికీ మన వాడకీ ఏం సంబంధం?" అని అడిగేవాళ్లుంటారు. ఉంది. ఒకరింట్లో ఒకరు తినడం మన దేశంలో ఏనాడూ ఒట్టి తిండి సంగతి కాదు. ఎవరింట్లో ఎవరు తింటారు? తిన్నాక కంచం ఎవరు కడుగుతారు? పెట్టినామెను ఏమని పిలుస్తారు? ఈ మూడు ప్రశ్నల చుట్టే మన తాతల బతుకూ మన బతుకూ తిరిగాయి. ఆ ప్రశ్నలు చేతబట్టుకుని గ్వాటెమాలా వంటిళ్లలోకి తొంగిచూస్తే మనకు తెలిసిన మొహాలే కనపడతాయి.

మేం చెప్పదల్చుకున్నది ముందే చెప్తాం. భాష నేర్పేది బడి ఒక్కటే కాదు. పొయ్యి దగ్గర నిలబడి, నేర్చుకునేవాడికి అన్నం పెట్టి మాట కలిపే ఆడమనిషి కూడా పంతులమ్మే. ఆమెకు లోకం రెండు బాకీలుంది. ఒకటి కూలి, రెండోది మర్యాద. ఈ రెండూ తీర్చకుండా నేర్చుకున్న భాష దొరభాషే అవుతుంది, అది ఎంత చక్కగా మాట్లాడినా సరే.

ఈ చదువు ఎట్లా నడుస్తుంది?

పొద్దున నాలుగైదు గంటలు బడి. ఒక టీచరుకి ఒకే విద్యార్థి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడమే పాఠం. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చోబెట్టి పాఠం చెప్పే మాలాంటి బడిపంతుళ్లకు ఇది వింటేనే ఆశ్చర్యం. మిగతా పొద్దంతా ఇంట్లో. ఆ ఇంటిని బడివాళ్లే కుదురుస్తారు. ఒక గది, మూడు పూటల తిండి. విద్యార్థి కట్టే ఫీజులోంచి కొంత భాగం ఆ ఇంటికి పోతుంది.

తిండి ఏంటంటే, ముఖ్యంగా మొక్కజొన్న రొట్టె. దాన్ని తోర్తియా అంటారు. మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడకబెట్టి, పొట్టు పోయేదాకా కడిగి, మరకు పట్టించి, ఆ ముద్దను చేతుల మధ్య తట్టి పెనం మీద కాలుస్తారు. మన తెలంగాణలో, రాయలసీమలో జొన్నరొట్టె తట్టే అమ్మలకు ఆ చప్పుడు వేరే చెప్పక్కర్లేదు. దాంతోపాటు ఉడికించిన నల్ల చిక్కుడు గింజలు, గుడ్డు, ఏదో ఒక కారం. కెట్సాల్తెనాంగోలో గురువారం వస్తే ఆలుగడ్డ ముద్దలో మాంసం పెట్టి ఆకులో చుట్టి ఉడికించే పాచెస్ ఉంటాయి. సముద్రమట్టానికి రెండువేల మూడొందల మీటర్ల పైన ఉన్న ఊరు అది. చలికి వేడివేడి తిండి దగ్గరే మాటలు సాగుతాయి.

బడిలో క్రియాపదాలు నేర్పుతారు. ఇంట్లో ఉప్పు అడగడం నేర్చుకోవాలి. నీళ్లు రాలేదని చెప్పడం, కడుపు నిండిందని చెప్పడం, పక్కింటి ముసలాయన చనిపోతే పలకరించడం నేర్చుకోవాలి. పుస్తకంలో లేని భాష అంతా అక్కడే ఉంది. తప్పు మాట్లాడితే అయిదేళ్ల పిల్ల నవ్వి సరిచేస్తుంది. ఇల్లాలు అదే మాటను మెల్లగా రెండోసారి అంటుంది. పాఠం అని పేరు పెట్టకుండా చెప్పే పాఠం అది.

ఇంకో ఆచారం ఉంది. గ్వాటెమాలాలో తినడం అయ్యి లేచేవాళ్లు అక్కడ కూర్చున్న అందరికీ "గ్రాసియాస్" అని దణ్ణం పెట్టినట్టు చెప్తారు. వండినామెకు ఒక్కదానికే కాదు, పక్కన తింటున్న పిల్లలకు కూడా. వాళ్లంతా "బ్వెన్ ప్రొవెచో" అంటారు, అంటే తిన్నది ఒంటికి పట్టాలని. పేదవాళ్ల బల్ల అయినా ఈ మర్యాద తప్పదు. మన బడి పుస్తకాల్లో మర్యాద అంటే పెద్దకులాల ఇళ్లలో పుట్టిందనీ, మన వాడల్లో అది లేదనీ చెప్పకుండానే చెప్తారు. ఎవరి మర్యాద ఏంటో కంచం ముందు కూర్చున్నప్పుడు తెలుస్తుంది.

అక్కడ స్పానిష్ ఎవరి భాష?

స్పానిష్ ఆ గడ్డమీద పుట్టిన భాష కాదు. 1524లో పెద్రో దె అల్వరాదో అనే స్పెయిన్ సేనాని కత్తి పట్టుకుని వచ్చినప్పుడు వచ్చింది. అప్పటికే అక్కడ మాయా ప్రజలున్నారు, వాళ్ల భాషలున్నాయి. ఇవాళ్టికీ ఆ దేశంలో 22 మాయా భాషలున్నాయి. 2018 జనాభా లెక్కల ప్రకారం దేశజనంలో దాదాపు 44 శాతం మూలవాసులే. అయినా కోర్టు భాష, ఆఫీసు భాష, ఆస్పత్రి భాష స్పానిష్. చాలాకాలం సర్కారు బడి చేసిన పని మాయా పిల్లల్ని స్పానిష్‌లోకి మార్చడమే.

భూమి సంగతి కూడా అంతే. కాఫీ తోటలకు కూలీలు కావాలి కాబట్టి చట్టాలు చేసి మాయా జనాన్ని కొండల మీదనుంచి దింపారు. 1934లో ఉబికో అనే నియంత తెచ్చిన చట్టం ప్రకారం, భూమి లేనివాడు, కొద్దిగా ఉన్నవాడు ఏడాదికి నూరు రోజులో నూటయాభై రోజులో తోటల్లో పనిచేయాల్సిందే. చేసిన రోజులు ఒక చిన్న పుస్తకంలో రాయించుకుని జేబులో పెట్టుకుని తిరగాలి. పుస్తకం లేకపోతే సోమరిపోతు అని జైలు. తెలంగాణ పల్లెల్లో వెట్టి చేసిన ముసలివాళ్లకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు. అక్కడ వెట్టికి రశీదు ఉండేది, అంతే తేడా.

1944లో ఉబికో పడిపోయాడు. 1952లో అర్బెన్స్ ప్రభుత్వం భూసంస్కరణ చట్టం తెచ్చి, బీడుగా పడున్న పెద్ద కమతాల్ని పేదలకు పంచడం మొదలుపెట్టింది. 1954లో అమెరికా గూఢచారి సంస్థ అండతో ఆ ప్రభుత్వాన్ని కూలదోశారు. పంచిన భూమి వెనక్కిపోయింది. 1960లో మొదలైన అంతర్యుద్ధం 1996 డిసెంబరులో శాంతి ఒప్పందం దాకా 36 ఏళ్లు నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆసరాతో ఏర్పడ్డ సత్యశోధన కమిషన్ 1999లో లెక్కతేల్చింది: చనిపోయినవాళ్లు, మాయమైపోయినవాళ్లు రెండు లక్షలకు పైనే. గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయా ప్రజలు. హింసలో 93 శాతం సర్కారు బలగాలదీ వాళ్లు పెంచిన ముఠాలదీ.

ఇప్పుడా వంటిల్లు మళ్లీ చూడండి. బల్లకు ఒకవైపు అమెరికా నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల విద్యార్థి. ఇంకోవైపు, ఆ యుద్ధంలో అన్ననో తండ్రినో పోగొట్టుకున్న ఆడమనిషి ఉండొచ్చు. ఎవరి దేశం ఎవరి దేశాన్ని ఏం చేసిందో పుస్తకంలో రాసున్నా ఆ పిల్లవాడు చదివి ఉండడు. రొట్టె విరుస్తూ ఆమె ఒక మాట అంటుంది. ఆ మాటలో భూతకాల క్రియ ఉంటుంది, చచ్చిపోయిన మనిషి పేరూ ఉంటుంది. వ్యాకరణం అంతవరకే నేర్చుకుని లేచిపోతే వాడు బళ్లో కూర్చున్నా ఒకటే, ఆ ఇంట్లో కూర్చున్నా ఒకటే.

ఇంకో సంగతి. కొన్ని ఇళ్లల్లో ఆమెకూ స్పానిష్ తల్లిభాష కాదు. తల్లితోనో అత్తతోనో కిచే భాషలో మాట్లాడి, అతిథి వైపు తిరిగి స్పానిష్‌లో మాట్లాడుతుంది. తాను బడిలో దెబ్బలూ నవ్వులూ తిని నేర్చుకున్న దొరల భాషను ఇప్పుడు దొరల దేశంనుంచి వచ్చిన పిల్లవాడికి తానే నేర్పుతుంది. అతనికి స్పానిష్ వస్తే అది అదనపు అర్హత, ఉద్యోగంలో నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. ఆమెకు రెండు భాషలొచ్చినా ఆ గొప్ప ఎవరూ చెప్పరు. రెండు భాషలు వచ్చిన తెల్లవాడు మేధావి, రెండు భాషలు వచ్చిన కూలి ఆడమనిషి పనిమనిషి. ఇంగ్లీషు పుస్తకం తిప్పే బాబుగారికీ, తెలుగూ ఉర్దూ కన్నడమూ మాట్లాడుతూ వలస తిరిగే మన మేస్త్రీకీ ఇక్కడ ఉన్న తేడా ఇదే గదా.

వోస్ అంటే ఏరా

గ్వాటెమాలా స్పానిష్‌లో ఎదుటి మనిషిని పిలవడానికి మూడు మాటలున్నాయి. "ఉస్తేద్" అంటే మీరు. "తూ" అంటే నువ్వు. "వోస్" అంటే ఇంకా చనువు, స్నేహితులు ఒకరినొకరు ఏరా ఒరేయ్ అనుకున్నట్టు. స్నేహితుల మధ్య వోస్ తియ్యటి మాటే. కానీ అదే మాట పైనుంచి కిందికి దిగితే చెప్పుదెబ్బ.

మాయాలు కాని, స్పానిష్ మాట్లాడి స్పానిష్ వేషభాషలతో బతికేవాళ్లను అక్కడ లదీనోలంటారు. చిన్న వయసు లదీనో, తెల్లజుట్టు మాయా రైతును వోస్ అని పిలవడం, ఆ ముసలాయన మాత్రం ఉస్తేద్ అనే బదులివ్వాల్సి రావడం తరతరాలుగా నడిచింది. అంగడిలో కూరగాయలమ్మే మాయా ఆడమనిషి పేరేదైనా సరే, కొనేవాళ్లు "మరియా" అంటారు. అందరూ మరియాలే. మనిషికో పేరుంటుందని, ఆ పేరు అడగాలని వాళ్లకు తట్టదు.

మన ఊళ్లల్లో నిన్నమొన్న లాగులు తొడిగిన పిల్లదొర మన తాతను "ఏరా" అంటాడు. తాత "అయ్యా, తమరు" అంటాడు. మన పేర్లు చివర 'గాడు' తగిలించి పిలుస్తారు. చివరికి రేషన్ కార్డుల్లో, ఓటర్ల లిస్టుల్లో కూడా ఆ 'గాడు' ఎక్కిపోయిన ముసలివాళ్లు మన వాడల్లో ఉన్నారు. ఇట్లాంటి వ్యాకరణం ఏ బడిలోనూ చెప్పరు. కానీ ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ అయిదేళ్లకే వచ్చేస్తుంది.

అక్కడికీ ఇక్కడికీ తేడా కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం అవుతుంది. 1876లో ఆ దేశాన్ని ఏలిన బార్రియోస్ ఒక ఫర్మానా ఇచ్చాడు. శాన్ పెద్రో సకతెపెకెస్ అనే ఊరి మాయాలంతా ఇకనుంచి చట్టం ముందు లదీనోలే, వచ్చే ఏడాదినుంచి లదీనో బట్టలే కట్టాలి అన్నాడు. అంటే బట్ట మారిస్తే, భాష మారిస్తే జాతి మారినట్టే అని ఒక ఏలిక అనుకోగలిగాడు. అందులో మనిషిని తనవాళ్లనుంచి తెంపేసే దుర్మార్గం ఉంది. ఇక్కడ ఆ దారి కూడా లేదు. ఏ బట్ట కట్టినా, ఏ భాష మాట్లాడినా, ఏ పేరు పెట్టుకున్నా "మీరేవిట్లు?" అని అడిగేవాడు తప్పడు.

అందుకే భాష నేర్చుకోబోయే మనిషి ఏ ఇంట్లో దిగాడన్నది చిన్న విషయం కాదు. ఆ ఇంట్లో ఎవరిని ఉస్తేద్ అంటారో, ఎవరిని వోస్ అంటారో అతనికి తెలియకుండానే నాలుకకి పట్టేస్తుంది. బస్తీలో కాస్త కలిగిన లదీనో ఇంట్లో దిగాడనుకోండి. ఆ ఇంట్లో ఒక ముచాచా ఉండొచ్చు. ముచాచా అంటే అమ్మాయి అని అర్థం, వాడుక మాత్రం పనిపిల్ల అని. చాలాచోట్ల ఆమె మాయా పిల్లే. అందరూ బల్ల దగ్గర తింటే ఆమె వంటింట్లో తింటుంది. అతిథి బల్ల మీద గ్రాసియాస్ చెప్పినప్పుడు ఆ అమ్మాయి ఆ గదిలో ఉండదు. రొట్టె తట్టింది ఆమె, పంతులమ్మ పేరు ఇంటి యజమానురాలిది.

1992లో నోబెల్ శాంతి బహుమతి పొందిన రిగోబెర్తా మెంచూ కిచే మాయా స్త్రీ. రాజధానిలో పనిపిల్లగా చేరినప్పుడు ఆ ఇంటి కుక్కకు తనకన్నా మంచి తిండి పెట్టేవాళ్లని 1983లో అచ్చయిన తన కథలో చెప్పుకుంది. ఆ కథను లోకానికి చెప్పింది స్పానిష్‌లోనే. తనను కుక్కకన్నా కింద కూర్చోబెట్టిన భాషనే తీసుకుని, దాంతోనే తన జనం గోడు లోకానికి వినిపించింది. దొరల భాష నేర్చుకోవద్దని మేం అనడం లేదు. నేర్చుకోవాలి. బాబాసాహెబ్ ఇంగ్లీషు నేర్చుకోకపోతే మనకు రాజ్యాంగం రాసేదెవరు? కానీ ఆ భాషతోపాటు వచ్చే దొరతనాన్ని గడప బయట వదిలెయ్యాలి.

కొండ మీది బడి

అన్ని బళ్లూ ఒకటి కాదు. కెట్సాల్తెనాంగోలో 1988లో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, టీచర్లు కొందరు కలిసి ప్రొయెక్తో లింగ్విస్తికో కెట్సాల్తెకో అనే బడి పెట్టుకున్నారు. స్పానిష్‌తోపాటు తమ దేశంలో ఏం జరుగుతోందో కూడా వచ్చినవాళ్లకు చెప్పాలనేది వాళ్ల పట్టుదల. తర్వాత వాళ్లే కొలొంబా దగ్గర కాఫీ తోటల ప్రాంతంలో కొండబడి ఒకటి పెట్టారు. చుట్టుపక్కల ఉండేది తోటల్లో తరాలపాటు పనిచేసి, కూలి కోసం యజమానులతో కొట్లాడి బయటికొచ్చి, సొంత గుడిసెలు వేసుకున్న కూలి కుటుంబాలు. వాళ్ల ఇళ్లు చిన్నవి, అతిథికి వేరే గది ఇవ్వలేరు. అందుకని విద్యార్థులు బడిలో పండుకుంటారు, మూడు పూటలా ఆ కుటుంబాల ఇళ్లకు పోయి తింటారు.

ఇది మాకు ముఖ్యంగా తోచింది. గది లేదు కాబట్టి మీరు అతిథిని పెట్టుకోలేరు అని పక్కన పెట్టెయ్యలేదు. గది బడి ఇచ్చింది, అన్నం ఇల్లు పెట్టింది, డబ్బు ఇంటికి చేరింది. ఎవరిని పంతులమ్మ అనాలో బంగళా ఉన్నవాళ్లు తేల్చే పద్ధతిని వాళ్లు పక్కకు నెట్టారు.

ఇంకొకటి. ఆంటిగ్వాలో ఫ్రాన్సిస్కో మరోకిన్ పేరుతో నడిచే భాషా సంస్థ 1970ల్లో మాయా భాషలు మాట్లాడేవాళ్లకే భాషాశాస్త్రం నేర్పింది. తమ భాషలకు తామే నిఘంటువులూ వ్యాకరణాలూ రాసుకునే మాయా పండితులు దాంట్లోంచి తయారయ్యారు. ఆ సంస్థకు ఆసరాగా నిలిచిన రాబడిలో విదేశీయులకు స్పానిష్ చెప్పి సంపాదించిన డబ్బూ ఉంది. దొరల భాష అమ్మి తల్లిభాషను నిలబెట్టుకోవడం అంటే ఇది. 1990లో మాయా భాషల అకాడమీకి చట్టం వచ్చింది, 2003లో జాతీయ భాషల చట్టం వచ్చింది. ఈ మధ్యలో 1999లో మూలవాసుల హక్కుల్ని రాజ్యాంగంలో ఎక్కించడానికి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే ఓడిపోయింది. పోరు ఇంకా అయిపోలేదు. కానీ అది ఎక్కడ మొదలవుతుందో చూడండి. మా మాట మాదే, దానికి విలువుంది, ఉచితంగా ఇవ్వం అన్న చోట మొదలవుతుంది.

డబ్బు తీసుకుంటే అతిథి మర్యాద పోతుందా?

ఇక్కడ మన పెద్దమనుషులు ఒక మాట అంటారు. "అన్నం అమ్ముకోవడం ఏంటి? అతిథి దేవుడు గదా, డబ్బు తీసుకుని పెడితే ఆప్యాయత ఎక్కడుంటుంది?" వినడానికి ఇంపుగానే ఉంటుంది. మేం అడుగుతాం, ఏ అతిథి దేవుడు? ఈ దేశంలో దేవుడైన అతిథి కులం కనుక్కున్నాకే లోపలికి పోయాడు.

బాబాసాహెబ్ 1913లో అమెరికా పోయి, అక్కడా లండన్‌లోనూ చదివి 1917లో బరోడా కొలువులో చేరడానికి వచ్చారు. అంత చదువు చదివిన మనిషికి ఆ ఊళ్లో తలదాచుకునే చోటు లేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు మీద దిగారు. అద్దె రోజువారీ కట్టారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి బయటికి పొమ్మన్నారు. ఇద్దరు స్నేహితుల్ని ఆశ్రయమడిగారు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరి ఇళ్లల్లోనూ చోటు దొరకలేదు. బొంబాయి రైలుకు టైమయ్యేదాకా తోటలో కూర్చున్నారు. సముద్రాలకు అవతల నాలుగేళ్లు మనిషిలా తిరిగినవాడికి సొంతగడ్డ మీద డబ్బిచ్చినా గది లేదు.

డబ్బిచ్చినా తలుపు తెరుచుకోని బతుకు మనది. కాబట్టి డబ్బు తీసుకుని తెరిచే తలుపును మేం తక్కువగా చూడలేం. డబ్బు తీసుకోవడం వల్ల మర్యాద పోదు. డబ్బు ఇచ్చాను గదా అని మనిషిని మనిషిగా చూడకపోతే పోతుంది. అసలు ఉచితం అనేమాట మనకు కొత్తదా? తాతల చేత ఉచితంగా చెప్పులు కుట్టించుకున్నారు, డప్పు కొట్టించుకున్నారు, చచ్చిన గొడ్డు లాగించుకున్నారు. దాన్నంతా ఆచారం అన్నారు, సంబంధం అన్నారు. కూలి అడిగిన రోజు ఆ సంబంధం ఏమైందో అందరికీ తెలుసు.

మన వాడలో

ఇప్పుడు ఇంటికొద్దాం. మన వాడలకు జనం రావడం లేదా? వస్తున్నారు. కాలేజీల నుంచి మన మీద పరిశోధన చేసేవాళ్లు వస్తారు. మన పాటలు రికార్డు చేసుకునేవాళ్లు, మన మాటలు పుస్తకానికెక్కించుకునేవాళ్లు వస్తారు. సంస్థల వాళ్లు వస్తారు. మన అక్క టీ కాచి ఇస్తుంది, అన్నం పెడుతుంది, కూలి మానుకుని నాలుగు గంటలు కూర్చుని తనకు తెలిసిందంతా చెప్తుంది. వాళ్లకు పట్టా వస్తుంది, పుస్తకం వస్తుంది, ఉద్యోగం వస్తుంది. అక్కకు ఆరోజు కూలి పోతుంది. పుస్తకంలో ఆమె పేరు కూడా ఉండదు, "ఒక దళిత మహిళ" అని ఉంటుంది. గ్వాటెమాలా అంగట్లో "మరియా" అన్నట్టే.

ఇక ఓట్లప్పుడు వచ్చే నాయకులు ఉంటారు. దళితుల ఇంట్లో భోంచేశాడని ఫోటో పడుతుంది. తీరా చూస్తే కొన్నిచోట్ల అన్నం హోటలునుంచి వస్తుంది, కంచాలు బయటినుంచి వస్తాయి. ఇంటివాళ్లు గోడకానుకుని నిలబడి చూస్తుంటారు. ఆ ఇంటి పొయ్యి వెలగని భోజనం ఆ ఇంట్లో భోజనం ఎట్లా అవుతుంది? ఆ కొండబడి విద్యార్థి కూలి ఇంట్లో ఆ ఇంటివాళ్లు తినే చిక్కుడు గింజలే తింటాడు. మనకు కావాల్సిన లెక్క అది.

విదేశాలకు పోతున్న మన పిల్లలకు కూడా ఒక మాట. అంబేడ్కర్ పేరున్న విద్యానిధి సాయంతోనో, అప్పుచేసో మనవాళ్లు ఇప్పుడు చాలా దేశాలు పోతున్నారు. అక్కడ గది పంచుకునే చోట కూడా కులం తీస్తున్నారు. 2023లో అమెరికాలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసిందంటే, సముద్రం దాటి కులం ఎంత దూరం పోయిందో తెలుస్తోంది. "మనవాళ్ల గది" అని పరిగెత్తేముందు, ఆ దేశపు మామూలు ఇంట్లో దిగడానికి వెనకాడొద్దు. ఇంటిపేరు అడిగి కులం లాగే చూపు అక్కడ ఉండదు. వాళ్లకు వాళ్ల పక్షపాతాలుంటాయి, రంగు చూసేవాళ్లూ ఉంటారు, అదీ తెలుసుకుని పోండి. కానీ పోయిన ప్రతి ఇంట్లో మూడు సంగతులు అడిగి తెలుసుకోండి. మీరు కట్టేదాంట్లో వండే మనిషి చేతికి ఎంత చేరుతుంది? ఆమె మీతోపాటు కూర్చుని తింటుందా? ఆమె పేరేంటి, ఆమెను ఏమని పిలిస్తే ఆమెకు బాగుంటుంది? మొదటి రోజు పాఠం ఇదే కావాలి. ఏ భాషకైనా ఇదే మొదటి వాచకం.

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మేం ప్రతిపాదించేది ఇది. మన వాడకు నేర్చుకోడానికి వచ్చేవాళ్లు ఎవరైనా, పరిశోధకులైనా, డాక్టరు చదివే పిల్లలైనా, రేపు మన పిల్లలకు పాఠం చెప్పబోయే బీఈడీ వాళ్లైనా, రండి. తలుపు మూయం. కానీ వాడలో ఇళ్లు వరుస పెట్టుకుందాం, ఒక ఇంటికే భారం పడకుండా. తిండికి ఇంత, మాట్లాడిన పొద్దుకు కూలి ఇంత అని సంఘమే గ్రామంలో కూర్చుని తేల్చుకుందాం. డబ్బు వండిన ఆడమనిషి చేతిలోనే పెట్టించుదాం, ఆమె మొగుడి చేతిలో కాదు, సంఘం డబ్బాలోనూ కాదు. వచ్చినవాళ్లు మేం తినేదే తినాలి, మాతో కూర్చుని తినాలి, తిన్న కంచం వాళ్లే కడుక్కోవాలి. అమ్మనో అక్కనో వదిననో వయసునుబట్టి వరస పెట్టి పిలవాలి. ఏమే, ఒసే అన్నవాళ్లను ఆ పూటే బస్సెక్కిద్దాం. రాసుకునేదాంట్లో ఆమె ఒప్పుకుంటే ఆమె పేరుండాలి.

ఇట్లా అడిగితే ఎవరూ రారంటారా? రాకపోతే రావద్దు. మన దగ్గర ఉన్నది తక్కువ సరుకు కాదు. మన పెద్దల నోట్లో ఉన్న తెలుగు ఏ విశ్వవిద్యాలయం నిఘంటువులోనూ పూర్తిగా ఎక్కలేదు. పంట పేర్లు, గొడ్డు రోగాల పేర్లు, తోలు పనిలో మాటలు, మగ్గం మాటలు, చావుపాటలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. బడిలో మన పిల్ల ఆ మాట పలికితే తప్పు అని ఎర్రగీత గీసే లోకమే, రేపు దాన్ని జానపద సంపద అని పుస్తకం వేసుకుంటుంది. గీత గీసినప్పుడూ మనకు ఏమీ రాలేదు, పుస్తకం వేసినప్పుడూ ఏమీ రాలేదు.

కాబట్టి మన పొయ్యి దగ్గర నేర్చుకునేవాళ్లు మన పంతులమ్మకు ఫీజు కట్టాలి, దణ్ణం పెట్టాలి. ఈ రెండింట్లో ఏది తగ్గినా ఒప్పుకోవద్దు. వచ్చే నెల మండల సమావేశాల్లో ఈ సంగతి మాట్లాడండి. మీ వాడలో ఏం తేల్చుకున్నారో, ఎంత కూలి అనుకున్నారో పత్రికకు రాసి పంపండి. వచ్చిన ఉత్తరాలు వేస్తాం.

జై భీమ్.